మెదడు స్కానా, బరువు మిషనా? సర్జరీ తర్వాత ఐదేళ్లకు మన సంగతి ఏది ముందే చెబుతుంది?

బరువు తగ్గించే సర్జరీకి సిద్ధమయ్యేవాళ్లు డాక్టర్‌ని ముందుగా అడిగేది “ఎన్ని కిలోలు తగ్గుతాను?” అని. ఐదేళ్ల తర్వాత ఎంత ఉంటానని అడిగేవాళ్లు తక్కువ. అసలు చిక్కు ప్రశ్న అదే. మొదటి ఏడాది దాదాపు అందరూ తగ్గుతారు. ఒకటి రెండేళ్లలో బరువు అట్టడుగుకు చేరాక దారులు వేరవుతాయి. కొందరు అక్కడే నిలబడతారు, కొందరు మెల్లగా మళ్లీ పెరుగుతారు. అమెరికాలో జరిగిన లాబ్స్ అధ్యయనంలో గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపును చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలిపే సర్జరీ) చేయించుకున్నవాళ్లు ఏడేళ్ల తర్వాత కూడా సగటున 28 శాతం తక్కువ బరువుతో ఉన్నారు. సగటు ఘనంగానే ఉంది. కానీ ఆ సగటుకు ఎవరు పైన ఉంటారో, ఎవరు కింద ఉంటారో కత్తి పెట్టకముందే తెలిస్తే ఎంత బాగుండు!

తెలుసుకోవడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి: మెదడు స్కాన్, కొన్ని మామూలు వివరాలతో లెక్కగట్టే స్కోరు, సర్జరీ అయ్యాక మొదటి నెలల్లో బరువు మిషన్ చూపించే అంకె. మానసిక నిపుణుల ఇంటర్వ్యూ నాలుగోది. దాని గురించి తర్వాత రెండు మాటల్లో చెబుతాను.

కడుపుకు చేసే ఆపరేషన్‌కు మెదడుతో ఏం పని అనిపించవచ్చు. పని చాలా ఉంది. కడుపు చిన్నదవడం వల్లే బరువు తగ్గుతారని అనుకోవడం పాత మాట. బైపాస్ తర్వాత భోజనం చేయగానే కడుపు నిండిందని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1, పీవైవై అనే పేగు హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. స్లీవ్ (కడుపులో చాలా భాగం తీసేసి గొట్టంలా మిగిల్చే సర్జరీ) చేసినప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ తగ్గుతుంది. “మునుపు చూస్తే ఆగలేకపోయేదాన్ని, ఇప్పుడు పట్టించుకోవాలనే అనిపించడం లేదు” అని చాలామంది చెప్పేది ఉత్త మాట కాదు. బైపాస్‌కు ముందూ, నెల తర్వాతా పదిమంది ఆడవాళ్లకు స్కాన్ చేసి 2011లో వెలువరించిన ఒక అధ్యయనంలో, కేలరీలు ఎక్కువున్న తిండికి మెదడులోని రివార్డ్ భాగాలు (కోరికనూ తృప్తినీ చూసుకునేవి) స్పందించే తీరు తగ్గినట్టు కనిపించింది.

ఫంక్షనల్ ఎమ్మారై అనే ఆ స్కాన్ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి తలకు పంజరంలాంటి కాయిల్ తగిలిస్తారు. చెవుల్లో ప్లగ్‌లు, చేతిలో బటన్ల పెట్టె. కళ్లకు ఎదురుగా చిన్న అద్దం, అందులో కొన్ని సెకన్లకో బొమ్మ: కేక్, ఆపిల్, ఐస్‌క్రీమ్, మధ్యలో ఏ కుర్చీయో సుత్తో. ఎంత తినాలనిపిస్తోందో బటన్ నొక్కి చెప్పాలి. చుట్టూ మిషన్ టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది, తల మాత్రం కదపకూడదు. అది కొలిచేది మీ కోరికను కాదు, మెదడులో ఏ మూలకు ఆక్సిజన్ ఉన్న రక్తం ఎప్పుడు ఎంత చేరిందో అది. తర్వాత తెర మీద కనబడే ఎర్రటి మచ్చ గణాంకాల లెక్కకు వేసిన రంగు. ఆ లెక్క అజాగ్రత్తగా చేస్తే ఏమవుతుందో 2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి చూపించారు. దాని మెదడులోనూ “స్పందన” కనిపించింది!

అంతమాత్రాన స్కాన్‌ను కొట్టిపారేయలేం. స్లీవ్‌కు ముందు తీసిన స్కాన్‌లో న్యూక్లియస్ అకంబెన్స్ (రివార్డ్ భాగాల్లో ఒకటి), హైపోథాలమస్ (ఆకలిని నియంత్రించే భాగం) స్పందనకూ, ఆ మనిషి 12 నెలల్లో తగ్గిన బరువుకూ సంబంధం ఉందని 2018లో ఒక అధ్యయనం చెప్పింది. ఆసక్తికరమైన ఫలితమే. కానీ 12 నెలలంటే ఇంకా హనీమూన్ కాలమే. మనం అడిగేది ఆ తర్వాతి సంగతి.

నాకు అంతకన్నా పెద్ద అనుమానం ఇంకోటి ఉంది. ఒకే మనిషికి ఇలాంటి పరీక్ష రెండుసార్లు చేస్తే రెండు ఫలితాలూ ఎంత దగ్గరగా వస్తాయి? ఇలాంటి ఫంక్షనల్ ఎమ్మారై పరీక్షలను ఎన్నింటినో కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో, సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో (ఒకటైతే రెండుసార్లూ ఒకేలా వచ్చినట్టు) సుమారు 0.4 వచ్చింది. రోజుకో బరువు చూపించే మిషన్‌ను ఎవరైనా నమ్ముతారా? మెదడు కొలతలకూ మనుషుల తేడాలకూ నమ్మదగిన సంబంధం తేల్చాలంటే వేలమంది కావాలని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. బరువు తగ్గించే సర్జరీ మీద జరిగిన స్కాన్ అధ్యయనాల్లో తరచుగా ఉండేది పదులమంది. పెట్ అనే వేరే రకం స్కాన్‌తో డోపమైన్ రిసెప్టర్లను (రివార్డ్ సంకేతాలు మోసే రసాయనాన్ని అందుకునేవాటిని) చూసినవాళ్ల కథ ఇంకా తమాషా. 2010లో రెండు బృందాలు ఐదుగురేసి ఆడవాళ్లను సర్జరీకి ముందూ, కొన్ని వారాల తర్వాతా పరీక్షించాయి. రిసెప్టర్ల లభ్యత పెరిగిందని ఒకరు, తగ్గిందని మరొకరు చెప్పారు. ఇక స్కానర్ సొరంగం వెడల్పు సాధారణంగా 60 సెంటీమీటర్లో 70 సెంటీమీటర్లో ఉంటుంది, బల్లకూ బరువు పరిమితి ఉంటుంది. అంటే ఈ సర్జరీ అత్యవసరమైనవాళ్లలోనే కొందరు అందులో పట్టరు.

ఇప్పుడు స్కోరు సంగతి. ఇది చూడ్డానికి చప్పగా ఉంటుంది. 2023లో లాన్సెట్ డిజిటల్ హెల్త్‌లో వచ్చిన మోడల్ అడిగేవి ఏడే ఏడు: ఎత్తు, బరువు, వయసు, ఏ సర్జరీ, షుగర్ ఉందా, ఉంటే ఎన్నేళ్లుగా, పొగ తాగుతారా. వీటితో ఐదేళ్ల బరువు గీత గీసి ఇస్తుంది. పలు దేశాల రోగుల మీద పరీక్షించినప్పుడు ఐదేళ్ల దగ్గర తప్పు బీఎమ్ఐలో సుమారు 2.8 వచ్చింది. 165 సెంటీమీటర్ల మనిషికి అది ఏడున్నర కిలోల పైమాట. తక్కువేం కాదు. పైగా ఎక్కువ బరువుతో మొదలైనవాళ్లు చివరికి కూడా ఇతరులకన్నా ఎక్కువ బరువుతోనే ఉంటారు కాబట్టి, ఆ కచ్చితత్వంలో కొంత అప్పనంగా వచ్చిందే. అయినా ఐదేళ్ల ప్రశ్నకు ఐదేళ్ల జవాబే ఇచ్చింది, అదీ వేలమందిని చూసి. షుగర్ తగ్గుతుందా అన్నదే మీ బెంగ అయితే డయారెమ్ అనే స్కోరు వేరే ఉంది. వయసు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), ఇన్సులిన్, వాడుతున్న మాత్రలు చూసి 0 నుంచి 22 దాకా వేస్తుంది. అంకె ఎంత తక్కువైతే అంత ఆశ.

మూడోది బరువు మిషన్. మొదటి మూడు, ఆరు నెలల్లో ఎంత తగ్గారన్నది తర్వాతి బరువుకు మంచి సూచన. లోపం కనబడుతూనే ఉంది: అప్పటికి సర్జరీ అయిపోయింది, చేయించుకోవాలా వద్దా అన్నదానికి పనికిరాదు. కానీ ఏం చేయాలన్నదానికి పనికొచ్చేది ఇదే. ఆరో నెలలో వెనకబడ్డ మనిషిని రెండో ఏడాది దాకా వదిలేయకుండా అప్పుడే డైటీషియన్ దగ్గర కూర్చోబెట్టవచ్చు, అవసరమైతే మందుల గురించి ఆలోచించవచ్చు.

ఇంటర్వ్యూ విషయానికొస్తే, సర్జరీకి ముందు అదుపు లేకుండా తినే అలవాటు ఉందా అన్నది ఫలితాన్ని నిలకడగా చెప్పలేకపోయింది. సర్జరీ తర్వాత ఆ అలవాటు తలెత్తితే మాత్రం బరువు మీద ప్రభావం పడుతోంది. కాబట్టి ఆ ప్రశ్న ప్రతి ఫాలో-అప్‌లోనూ అడగాలి.

ఏది ఎంచుకోవాలంటే, నిర్ణయానికి ముందు స్కోరు, తర్వాత మిషన్ అంటాను. సర్జరీ ‘ఎందుకు’ పనిచేస్తుందన్న ప్రశ్నకు స్కాన్ సాయపడుతుంది, ‘ఎవరికి’ పనిచేస్తుందన్నదానికి ఇంకా లేదు. బైపాస్ అయినవాళ్లకు పేగు హార్మోన్లను అణిచే ఆక్ట్రియోటైడ్ ఇస్తే తిండి మీద మోజూ, మెదడు రివార్డ్ స్పందనా పెరిగాయని తెలిసింది ఇలాంటి స్కాన్ల వల్లే. మందులు తయారుచేసేవాళ్లకు అది బంగారం. నా టెన్షన్ అల్లా, ఎవరో దాన్ని గేటు దగ్గర వాచ్‌మన్‌లా నిలబెట్టి “మీ మెదడు సర్జరీకి పనికిరాదు” అంటారేమోనని. అలా ఎవరైనా స్కాన్ చేయించుకోమంటే అడగాల్సింది ఒక్కటే: ఆ ఏడు వివరాలు ముందే తెలిసినప్పుడు ఇది అదనంగా ఏం చెబుతుంది?

బరువు పక్కన పెడితే స్కాన్‌కు పని దొరికేచోటు ఒకటి ఉంది: మద్యం. లాబ్స్‌లోనే సర్జరీకి ముందటి ఏడాది 7.6 శాతం మందిలో ఉన్న మద్యం సమస్య రెండో ఏడాదికి 9.6 శాతానికి చేరింది, ముఖ్యంగా బైపాస్ వాళ్లలో. రివార్డ్ భాగాల గురించి తెలుసుకోవాల్సింది ఇక్కడ నిజంగానే ఉండవచ్చు. అయితే ముప్పు ఎవరికి ఎక్కువో అదే అధ్యయనం చెప్పింది: మగవాళ్లు, చిన్న వయసువాళ్లు, పొగ తాగేవాళ్లు, సర్జరీకి ముందే క్రమం తప్పకుండా తాగేవాళ్లు. ఇదంతా కుర్చీలో కూర్చోబెట్టి రెండు నిమిషాల్లో అడిగి తెలుసుకునేదే.