పీఎన్‌పీఎం వర్క్‌స్పేస్: ఎందుకు వదలలేదు, ఎక్కడ తిప్పలు పెట్టింది

పీఎన్‌పీఎం అంటే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీలను తెచ్చిపెట్టే పనిముట్టు, ఎన్‌పీఎంకి బదులు వాడేది. ఒకే రిపోలో, అంటే ఒకే కోడ్ భాండారంలో, చాలా ప్యాకేజీలను కలిపి నడిపే దాని పద్ధతే వర్క్‌స్పేస్. దాన్ని వాడుతున్నానంటే అందరూ ముందు స్పీడు గురించే అడుగుతారు. స్పీడు బాగానే ఉంటుంది. నేను మాత్రం దాన్ని వెనకేసుకొచ్చేది వేరే గుణం కోసం: మన ప్యాకేజ్ జేసన్‌లో (ఏ లైబ్రరీలు కావాలో రాసుకునే ఫైల్) పేరు రాయని లైబ్రరీని మన కోడ్‌లో ఇంపోర్ట్ చేయనివ్వదు.

మా రిపోలో తెర మీద కనిపించే భాగాలకు యూఐ లైబ్రరీ ఒకటి, తేదీలకు ఒకటి, ఇన్వాయిస్ లెక్కలకు ఒకటి, ఇంకా చిన్నాచితకావి కొన్ని ఉన్నాయి. వాటి మీద రెండు మూడు యాప్‌లు నడుస్తాయి. పాత పద్ధతిలో అన్నిటి డిపెండెన్సీలూ, అంటే అవి వాడుకునే బయటి లైబ్రరీలు, రిపో మొదట్లో ఉండే ఒకే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోకి వచ్చి పడేవి. తేదీల లైబ్రరీ తెచ్చుకున్న డేట్ ఎఫ్‌ఎన్‌ఎస్ అనే ప్యాకేజీని ఇన్వాయిస్ లైబ్రరీ ఎక్కడా రాసుకోకుండానే వాడేసుకునేది, పక్కింటి కరెంటు తీగకు కొక్కెం తగిలించుకున్నట్టు. మా దగ్గర టెస్టులన్నీ పాస్. పబ్లిష్ చేశాక వేరే టీమ్ ఇన్‌స్టాల్ చేసుకుంటే 'కెనాట్ ఫైండ్ మాడ్యూల్' అని ఎర్రర్. వాళ్లు ఫోన్ చేసేదాకా మనకు తెలిసే దారి లేదు.

పీఎన్‌పీఎంకి మారిన రోజున ఇలాంటివన్నీ వరసగా బయటపడ్డాయి. ఇందులో ప్రతి లైబ్రరీకీ సొంత నోడ్ మాడ్యూల్స్ ఉంటుంది, అందులో అది రాసుకున్న పేర్లకే లింకులు ఉంటాయి. అసలు ఫైళ్లు డాట్ పీఎన్‌పీఎం అనే ఫోల్డర్‌లో వేరుగా ఉంటాయి. ఆ రోజు బిల్డ్ నిండా ఎర్రర్లే. ఒక్కొక్కటీ సరిచేస్తుంటే నాకు విసుగు రాలేదు, ప్రాణం కుదుటపడింది. ఎందుకంటే అందులో ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు కస్టమర్ దగ్గర పేలాల్సిందే.

నేను పనిచేసేది శ్రీకాకుళంలోని ఇంటి నుంచి. ఫైబర్ లైన్ ఉంది, గట్టి గాలివాన వస్తే ఉండదు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఇంట్లో నెట్ పోయింది, ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. బ్రాంచ్ మారితే డిపెండెన్సీలు మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఆఫ్‌లైన్ ఆప్షన్ పెట్టి పీఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే స్టోర్‌లో, అంటే ముందే దించుకున్న ప్యాకేజీలు దాచే ఫోల్డర్‌లో, ఉన్నవాటితోనే పని కానిచ్చేసింది. ఒక ప్యాకేజీ ఒక వెర్షన్ డిస్క్ మీద ఒక్కసారే ఉంటుంది, ప్రాజెక్టులన్నీ హార్డ్ లింకులతో (కాపీ చేయకుండా అదే ఫైల్‌కి ఇంకో పేరు పెట్టడం) దాన్నే వాడుకుంటాయి. స్టోర్, ప్రాజెక్టు ఒకే డ్రైవ్‌లో ఉంటేనే ఈ లాభం, లేకపోతే మామూలుగా కాపీలు పడతాయి. చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం.

అయితే ఎవరిది వాళ్లకే అన్న ఈ కట్టుబాటే ఒకసారి మమ్మల్ని బాగా తిప్పింది. 2024లో, వెబ్ పేజీల భాగాలు కట్టడానికి మేం వాడే రియాక్ట్ లైబ్రరీ 18.3.1 వచ్చాక యాప్‌లో వెర్షన్ పెంచాం. యూఐ లైబ్రరీ డెవ్ డిపెండెన్సీలలో (దాన్ని రాసేవాళ్లకు మాత్రమే కావలసినవి), టెస్టుల కోసం, 18.2.0 అలాగే ఉంది. పీర్ డిపెండెన్సీగా (వాడుకునే యాప్ ఇవ్వాల్సినది) మాత్రం 18లో ఏదైనా సరే అని రాసి ఉంది. చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. ఆ సాయంత్రం మా టీమ్‌లోని కుర్రాడు ఆమదాలవలస నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, డేట్ పికర్ ఉన్న పేజీ తెరిస్తే తెల్లగా వచ్చేస్తంది. నేనేటీ ముట్టుకోలేదు."

కన్సోల్‌లో 'ఇన్వాలిడ్ హుక్ కాల్' అని ఉంది. ఆ మెసేజ్ కిందే మూడు కారణాలు రాసి ఉంటాయి: రియాక్ట్, దాన్ని బ్రౌజర్‌లో చూపించే రియాక్ట్ డామ్ వెర్షన్లు కలవకపోవడం, హుక్స్ (రియాక్ట్ ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్లు) నియమాలు తప్పడం, ఒకే యాప్‌లో రెండు రియాక్ట్‌లు ఉండటం. మొదటి రెండూ కావని తేల్చుకునేసరికే రాత్రయింది. టెన్షన్ పెంచిన సంగతి ఏమిటంటే, పబ్లిష్ చేసిన లైబ్రరీని పెడితే పేజీ చక్కగా నడుస్తోంది, రిపోలోంచి లింక్ అయినప్పుడే పడిపోతోంది. చివరికి 'పీఎన్‌పీఎం వై రియాక్ట్' అని అన్ని ప్యాకేజీల మీదా అడిగితే గుట్టు బయటపడింది. యాప్ కింద 18.3.1, యూఐ లైబ్రరీ కింద 18.2.0.

వర్క్‌స్పేస్‌లో లైబ్రరీని యాప్‌కి కలిపేది సిమ్‌లింక్, అంటే వేరే ఫోల్డర్‌కి దారి చూపే గుర్తు. బండ్లర్ (కోడంతా కలిపి బ్రౌజర్‌కి మూట కట్టేది) దాని వెంట లైబ్రరీ అసలు ఫోల్డర్‌కి వెళ్లి, అక్కడి నుంచి రియాక్ట్‌ను వెతుకుతుంది. ముందు దొరికేది లైబ్రరీ సొంత నోడ్ మాడ్యూల్స్‌లోనిదే. వెర్షన్లు ఒకటే ఉన్నంతకాలం రెండు లింకులూ ఒకే చోటికి పోతాయి కాబట్టి తేడా కనిపించదు. బయటివాళ్లకు డెవ్ డిపెండెన్సీలు ఇన్‌స్టాల్ కావు, అందుకే వాళ్లకు ఈ బాధ లేదు. ఎన్‌పీఎంలోనూ రెండు రియాక్ట్‌లు రావచ్చు, నిజమే. కానీ ఇక్కడ ప్రతి లైబ్రరీకీ సొంత ఫోల్డర్ ఉండటం వల్ల ఆ అవకాశం ఎక్కువ.

దీనికి ఇంజెక్టెడ్ అనే సెట్టింగ్ ఉంది. అది సిమ్‌లింక్ బదులు లైబ్రరీ ఫైళ్లను హార్డ్ లింకులతో తెచ్చి, యాప్ వాడే రియాక్ట్‌నే దానికీ చూపిస్తుంది. కానీ లైబ్రరీని బిల్డ్ చేసిన ప్రతిసారీ ఆ ఫైళ్లు మళ్లీ తాజా అయ్యేలా చూసుకోవాలి, రోజంతా కోడ్ మార్చే మాకు అది సరిపడలేదు. మాకు నప్పింది కేటలాగ్. 2024 జులైలో 9.5 వెర్షన్‌తో వచ్చింది. వర్క్‌స్పేస్ ఫైల్‌లో రియాక్ట్ వెర్షన్ ఒక్కచోట రాస్తే, మిగతా ప్యాకేజ్ జేసన్‌లలో 'కేటలాగ్' అని పెడితే చాలు. పబ్లిష్ చేసేటప్పుడు అదే అసలు నంబరుగా మారిపోతుంది. అప్పటినుంచి వెర్షన్ పెంచడమంటే ఒక్క లైన్ మార్చడమే.

ఇంకో మాట. 2025 జనవరిలో వచ్చిన 10వ వెర్షన్ నుంచి డిపెండెన్సీల ఇన్‌స్టాల్ స్క్రిప్టులు (ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు వాటంతటవే నడిచే కోడ్) మనం అనుమతి ఇస్తే తప్ప నడవవు. ఆ సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల్లోకే దొంగ కోడ్ ఎక్కించారు. ఆ తర్వాత వచ్చిన మినిమమ్ రిలీజ్ ఏజ్ సెట్టింగ్‌లో 1440 నిమిషాలు పెట్టాం, అంటే ఒక రోజు వయసు లేని వెర్షన్ మా రిపోలోకి రాదు.

మాది చిన్న టీమ్, లైబ్రరీలన్నీ మేమే రాసుకున్నవి, ఎక్కువగా వెబ్ పని. అలాంటివాళ్లెవరైనా అడిగితే తీసుకోమనే చెబుతాను, మొదటి రోజు నుంచే కేటలాగ్ పెట్టుకోమని కూడా. ఒకే లైబ్రరీని నాలుగైదు రియాక్ట్ వెర్షన్ల మీద టెస్ట్ చేయాల్సినవాళ్లకు కేటలాగ్ ఒక్కటే చాలదు, వాళ్లు ఇంజెక్టెడ్‌తో కుస్తీ పట్టక తప్పదు. రియాక్ట్‌తో మొబైల్ యాప్‌లు కట్టే రియాక్ట్ నేటివ్ వాళ్లకైతే గట్టిగా చెప్పలేను. వాళ్లు వాడే మెట్రో బండ్లర్‌కి చాలాకాలం సిమ్‌లింకులు పడేవి కావు కాబట్టి మా మొబైల్ రిపోలో నోడ్ లింకర్ సెట్టింగ్‌ను హాయిస్టెడ్‌గా పెట్టాం, అంటే పాత పద్ధతిలో అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి వస్తాయి, ఇప్పటికీ మార్చలేదు. అంటే నేను ఇంతగా మెచ్చుకున్న కట్టుబాటు ఆ రిపోలో మాకు లేదు, అక్కడ రాయని పేర్లను పట్టుకోవడం ఇంకా కోడ్ రివ్యూలోనే జరుగుతోంది.