నాలుగేళ్లు వాడిన రైడింగ్ జాకెట్: ఉలవల రోడ్డు మీద పడ్డాక

ఈ మెష్ (గాలాడే వల గుడ్డ) జాకెట్‌కి నాలుగేళ్ల కిందట తొమ్మిది వేలు పెట్టాను. ముప్పై వేల కిలోమీటర్లు తిరిగి, మధ్యలో ఒకసారి గట్టిగా పడి రాస్తున్నాను కాబట్టి జేబుల గురించి పెద్దగా చెప్పను.

పడింది రెండేళ్ల కిందట జనవరిలో. నేనూ నా స్నేహితుడూ చెరో బండి మీద హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి 44వ జాతీయ రహదారి పట్టుకుని బయల్దేరాం. లేపాక్షి చూసి పోదామని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే వదిలి హిందూపురం రోడ్డెక్కాం. ఆ రోజుల్లో అటువైపు కోసిన ఉలవ చెట్లను రోడ్డు మీద పరుస్తారు. లారీలూ బస్సులూ తొక్కితే గింజ రాలుతుంది. మలుపు తిరగ్గానే ఎదురయ్యేసరికి బెదిరి ముందు బ్రేకు పట్టేశాను. కింద గింజలు గోళీల్లా దొర్లాయి. స్పీడు యాభై ఉంటుందేమో. ఎడమ పక్కకు పడి, ఉలవలు దాటి తారు మీద జారాను.

పెట్టిన తొమ్మిది వేలూ ఆ రెండు సెకన్లలోనే వసూలయ్యాయి. భుజం దగ్గర గుడ్డ అరిగి పోగులు లేచాయి గానీ చర్మం మీద గీత పడలేదు, కుట్లు విడలేదు. మోచేతి ఆర్మర్ (దెబ్బ ఆపడానికి లోపల పెట్టే ప్యాడ్) మాత్రం పక్కకు తిరిగిపోయింది. ఎండకని ముంజేతి పట్టీ నేనే వదులు చేసుకున్నాను. అక్కడ చర్మం లేచింది. మోకాలి గార్డులైతే బ్యాగులో ఉన్నాయి. గుత్తి దగ్గర టీకి ఆగినప్పుడు ఉక్కగా ఉందని విప్పేశాను. మోకాలికి ఏడు కుట్లు పడ్డాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. కాలర్ బోన్ కూడా చిట్లింది. భుజం మీద పడ్డ అదురు ఎముకలోకి పోతే ఏ జాకెట్టూ పూర్తిగా ఆపలేదు.

లేవబోతుంటే ఉలవలు తిరగేస్తున్న పెద్దావిడ పరుగెత్తుకొచ్చి "లెయ్యొద్దు నాయనా, ఆడే పండుకో" అంది. ఎవరో హెల్మెట్ లాగబోతే నా స్నేహితుడు ఆపాడు. వేళ్లూ పాదాలూ కదిలించమన్నాడు. మెడ నొప్పి లేదని తేల్చుకున్నాక, ఒకరు మెడా దవడా కదలకుండా పట్టుకుంటే తను మెల్లగా తీశాడు. 108 వచ్చేలోపు ఆ రైతులు చెట్లు పక్కకు లాగి, వచ్చే బండ్లను ఆపారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కల్లం లేని రైతు ఎక్కడ నూర్చుకుంటాడు? బండినీ రోడ్డునీ నంబరు ప్లేటు కనబడేలా స్నేహితుడు ఫొటోలు తీశాడు. తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట అడిగినవి అవే.

కొనేటప్పుడు ఆర్మర్ మీది ముద్ర చదవండి. భుజాలూ మోచేతులూ మోకాళ్లకు ఈఎన్ 1621-1 అనే యూరప్ ప్రమాణం ఉంది. పరీక్షలో లోపలికి చేరే దెబ్బ సగటున లెవెల్ 1కి 35 కిలోన్యూటన్లు (బలానికి కొలత), లెవెల్ 2కి 20 మించకూడదు. నాది లెవెల్ 2. వీపుకు మాత్రం ఉత్త స్పాంజి ముక్క పెట్టి అమ్మారు. అది నాకస్సలు నచ్చలేదు, మొదటి నెలలోనే మార్చేశాను. వాన లైనరూ (నీళ్లు ఆపే విడి పొర) అంతే, లోపల తగిలించుకోవాలి. రోడ్డు పక్కన జాకెట్ విప్పి వేసుకునేలోపు తడిసిపోతాం. ఎండల్లో మెష్ హాయిగానే ఉంటుంది, బండి కదులుతున్నంతసేపు.

హెల్మెట్ మీద ఒక్క గీతే కనిపించినా పక్కన పెట్టేశాను. లోపలి థర్మోకోల్ పొర ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు.

ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లో ఉంది. భయం అంతకన్నా ఎక్కువ రోజులుంది. రోడ్డు మీద గడ్డి కనిపిస్తే చాలు, వేళ్లు బ్రేకు మీదికి పోయేవి. మొదట తెల్లవారుజామున కాలనీలో, తర్వాత గండిపేట దాకా తిప్పుకుంటూ నాలుగో నెలలో హైవే ఎక్కాను.

ఎడమ వైపు ఆర్మర్ ముక్కలు కొత్తవి వేసి ఈ జాకెట్‌ను ఊళ్లో తిరగడానికి ఉంచుకున్నాను. దూరాలకు పోయినేడాది మరొకటి కొన్నాను. ఈసారి షాపు ముందు బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని చూశాను. చేత్తో తిప్పినా మోచేతి ఆర్మర్ జరగనిదే తీసుకున్నాను. ఒక సైజు చిన్నది సరిపోయింది.