పాత ఇంగ్లండ్ పల్లె: పోస్ట్‌కార్డా, ఫొటోనా?

వందేళ్ల కిందటి ఇంగ్లండ్ పల్లె జీవితం మీద ఆసక్తి ఉంటే ఏవి సేకరించాలి?

ఖర్చు: మామూలు కార్డులు చవకే. పేరున్న ఫొటోగ్రాఫర్ల అసలు ప్రింట్లు ఖరీదు.

శ్రమ: కార్డు మీద చాలావరకు ఊరి పేరు అచ్చయి ఉంటుంది, పైగా 1902లో వెనకవైపే చిరునామా పక్కన ఉత్తరం రాసుకునే వీలొచ్చింది కాబట్టి కోతల కబుర్లు, ఇంట్లోవాళ్ల జబ్బులు కూడా అక్కడే చదవొచ్చు, నాకైతే బొమ్మకంటే ఆ రాతే ప్రాణం. ఫొటో వెనక చాలాసార్లు ఏమీ ఉండదు.

రిస్క్: ఒకే బొమ్మని ఏళ్ల తరబడి అమ్మేవాళ్లు, కాబట్టి పోస్టు ముద్రలోని తేదీనే బొమ్మ తీసిన తేదీ అని నమ్మేయకండి. రంగులూ తర్వాత అద్దినవే కావచ్చు.

ఒక ఊరి వీధులు, దుకాణాలు, చర్చి కావాలంటే కార్డులే కొనండి. పనులూ పనిముట్లూ చూడాలంటే ఫొటోలు, 1880ల్లో తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో ఫొటోగ్రాఫర్ పి.హెచ్. ఎమర్సన్ తీసిన రెల్లు కోతల్లాంటివి. వాటి మంచి కాపీలు చాలు.