వాల్కిరీల వేట: కథతో పాటు మేలా, కథ ముగిశాక మేలా?

గాడ్ ఆఫ్ వార్ అనే వీడియో గేమ్‌ను కొత్తగా మొదలుపెట్టిన మిత్రులు సగం దూరం వచ్చాక నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. వాల్కిరీలను, అంటే ఆటలో దాగి ఉండే తొమ్మిది మంది బలమైన శత్రు యోధురాళ్ళను, కథ నడుస్తుండగానే వెతికి పట్టుకోవాలా, లేక కథ మొత్తం ముగించి తీరిగ్గా వెతుక్కోవాలా? 2018లో వచ్చిన ఆ ఆటను నేను ఈ మధ్యే రెండోసారి మొదటినుంచి ఆడాను. మొదటిసారి కథ ముగిశాకే వేటకు బయలుదేరాను. రెండోసారి కావాలనే కథతో పాటు సాగించాను. రెండు దారుల్లోనూ నడిచాను కాబట్టి నాకు తోచినది వివరంగా చెప్పగలను.

ఈ తొమ్మిది మంది వాల్కిరీలను ఓడించడం కథకు తప్పనిసరి కాదు. వేట ఎప్పుడు మొదలవుతుందన్నది మాత్రం ఆటగాడి చేతిలో లేదు. ఎక్కువమంది వాల్కిరీలు నార్స్ దేవతల రాజు ఓడిన్ రహస్య గదుల్లో బందీలై ఉంటారు. ఆ తలుపులు తెరవాలంటే చనిపోయిన రాక్షసుడు థామూర్ శవం దగ్గర కథలో భాగంగా దొరికే మాయా ఉలి ముక్క ఉండాలి. అది దొరికేదాకా ఎవరికైనా ఎదురుచూపు తప్పదు. అసలు ఎంపిక ఉలి చేతికొచ్చాకే మొదలవుతుంది.

కథ ముగిశాక వెతకడంలోని సుఖాన్ని తక్కువ చేసి చెప్పలేను. ఉలి దొరికే సమయానికి మనం ఆడే నాయకుడు క్రాటోస్ చేతిలో గొడ్డలి ఒక్కటే ఉంటుంది. అతని రెండో ఆయుధమైన కేయాస్ కత్తులు ఆ తరువాత, అతని కొడుకు అట్రియస్ జబ్బుపడిన ఘట్టంలో గానీ రావు. కథ చివరికి చేరేసరికి కత్తులూ, మంచి కవచాలూ, గొడ్డలికి రూనిక్ దాడులనే బలమైన మాయా దాడులూ, బాగా ఎదిగిన అట్రియస్ బాణాలూ అన్నీ సమకూరి ఉంటాయి. ఆట మధ్యలోని సరస్సు లేక్ ఆఫ్ నైన్ నీటిమట్టం కథ సాగేకొద్దీ దిగుతూ కొత్త తీరాలను బయటపెడుతుంది కాబట్టి, అంతా ముగిశాక బయలుదేరితే ఏ మూల కూడా మూసి ఉండదు. కథ పరంగా మరొక న్యాయమైన కారణం కూడా ఉంది. కొడుకు ప్రాణాపాయంలో ఉన్నప్పుడు తండ్రి పడవేసుకుని సరస్సులో వాల్కిరీల గదుల కోసం తిరగడం మనసుకు పట్టదు. ఆ ఘట్టంలో ఎవరూ పక్కదారి పట్టకూడదని నేను కూడా అంటాను.

ఇన్ని సౌకర్యాలున్నా నా మొగ్గు కథతో పాటు వెతకడం వైపే. దానికి కారణం ఆఖరి వాల్కిరీ సిగ్రూన్.

ఎనిమిది మందిని ఓడించి, వారి శిరస్త్రాణాలను సరస్సు ఒడ్డున ఉన్న వాల్కిరీల సభాస్థలంలో సింహాసనాల మీద పెడితే తొమ్మిదో ఆమె, రాణి సిగ్రూన్, ప్రత్యక్షమవుతుంది. ఆమె దాడుల్లో చాలామటుకు మిగిలిన ఎనిమిది మంది దగ్గర మనం ఒక్కొక్కటిగా చూసినవే. అవన్నీ ఆమె ఒకే పోరులో, ఏది ఎప్పుడు వస్తుందో తెలియని వరుసలో కురిపిస్తుంది. ఆ ఎనిమిది మంది నిజానికి ఎనిమిది పాఠాలు. సిగ్రూన్ పరీక్ష. కాబట్టి వాల్కిరీలను ఎప్పుడు వెతకాలన్న ప్రశ్నను నేను ఇలా మార్చి అడుగుతాను: పరీక్షకు వెళ్ళేసరికి పాఠం ఒంటికి పట్టేలా చేసేది ఏ దారి?

మొదటిసారి కథ ముగించి మంచి కవచాలతో బయలుదేరినప్పుడు, థామూర్ శవం దగ్గరి గదిలో ఉండే వాల్కిరీ గున్ నాకు పెద్ద అడ్డంకి కాలేదు. ఆమె దాడి ఒకటి తగిలినా సగం ప్రాణం మిగిలేది. మిగిలిన ప్రాణంతో నేను వెంటపడి కొడుతుంటే, ఆమె రెక్క ఏ వైపు ఎత్తిందో, ఏ దాడికి ముందు ఎంతసేపు ఆగిందో గమనించే అవసరమే రాలేదు. డ్రాగర్లనే శవ సైనికులను పిలిపించే కారా కూడా అలాగే ఒక సాయంత్రంలో పడిపోయింది. రెండు మూడు రోజుల్లో ఎనిమిది శిరస్త్రాణాలూ చేతికొచ్చాయి. ఆ తరువాత సిగ్రూన్ ముందు నిలబడితే, పేరుకు అన్నీ చూసిన దాడులే అయినా ఒక్కటీ చేతికి తెలియదు. ఆమె దగ్గర కవచం ఆదుకోదు. ఎన్నిసార్లు ఓడిపోయానో లెక్కపెట్టడం ఒక దశలో మానేశాను.

రెండోసారి ఉలి దొరికిన వెంటనే గున్ గది తలుపు తెరిచాను. ఆమె పేరు పైన ఉన్న ప్రాణశక్తి బార్ ఊదా రంగులో కనిపించింది. మన స్థాయికి మించిన శత్రువు అని ఆట చెప్పే పద్ధతి అది. మొదటి దెబ్బకే దాదాపు ప్రాణం పోయింది. అలా ఉన్నప్పుడు చూడక తప్పదు. పసుపు వలయం మెరిస్తే డాలు అడ్డం పెట్టి ఊరుకుంటే పగిలిపోతుంది, సరైన క్షణంలో డాలుతో తిప్పికొట్టి ప్యారీ చేస్తేనే ఆగుతుంది. ఎర్ర వలయం మెరిస్తే డాలును మరచిపోయి పక్కకు దొర్లాలి. ఆమె గాల్లోకి లేచి ‘వాల్హల్లా’ అని అరిచినప్పుడు నేను మొదట్లో అరుపు వినగానే దొర్లేవాడిని, దొర్లి లేచే చోటికి సరిగ్గా ఆమె పాదాలు దిగేవి. అరుపుకూ దిగడానికీ మధ్య ఒక ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉందనీ, ఆ ఊపిరి వదిలేటప్పుడు దొర్లాలనీ అర్థం కావడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది. కథ ముగిశాక ఆడినప్పుడు ఆ వ్యవధిని నేను గుర్తించనే లేదు. ఈసారి అది వేళ్ళకు అలవాటైపోయింది, నెలన్నర తరువాత సిగ్రూన్ అదే అరుపు అరిచినప్పుడు ఆలోచన లేకుండానే చేయి కదిలింది.

కథతో పాటు వెతకడంలో ఎడం కూడా పనికొస్తుంది. ఒక వాల్కిరీకీ మరొకరికీ మధ్య కథ రెండు మూడు గంటలు ముందుకు సాగుతుంది. ఎనిమిది మందిని వరుసగా ఓడిస్తే ఒకరి దాడి మరొకరి దాడిలో కలిసిపోతుంది. ఎడంగా కలిస్తే ఒక్కొక్కరూ ఒక్కో మనిషిలా గుర్తుండిపోతారు. కారా అంటే డ్రాగర్ల గుంపు, గోందుల్ అంటే నిప్పుల వాన, హిల్దర్ అంటే మంచు. మరొక వాల్కిరీ ఐర్ పేరు పాత నార్స్ సాహిత్యంలో వైద్యంతో ముడిపడి ఉంటుంది. ఆ సంగతి తెలిసి ఆమె గదిలోకి అడుగుపెట్టినందువల్ల, ఓడిన్ శాపానికి మతి చెదిరిన ఆమెను కొట్టాల్సి రావడం నన్ను నిజంగా బాధపెట్టింది. వరుస వేటలో అలాంటి భావానికి తీరిక ఉండదు.

వెతకడం అన్న పనికే వచ్చే ఆనందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రివర్ పాస్ ప్రాంతంలో గానీ ఫుట్‌హిల్స్ ప్రాంతంలో గానీ రహస్య గది తలుపు మొదటిసారి కంటపడేసరికి దాన్ని తెరిచే సాధనం మన దగ్గర ఉండదు. ఆ తలుపు మూసే ఉంటుంది, మనం ముందుకు వెళ్ళిపోతాం, అది మాత్రం మనసులో ఉండిపోతుంది. ఉలి దొరికిన క్షణాన అలా మిగిలిపోయిన తలుపులన్నీ ఒక్కసారిగా గుర్తుకురావడమే ఈ ఆటలో దాగి ఉన్న బాస్‌లను, అంటే పెద్ద శత్రువులను, వెతకడంలోని అసలు రుచి అని నా అభిప్రాయం. కథ అంతా ముగించి మ్యాప్ ముందు కూర్చునేసరికి ఆ తలుపులు జ్ఞాపకాలుగా ఉండవు, మ్యాప్ మీద గుర్తులుగా మాత్రమే మిగులుతాయి.

అలాగని కథతో పాటు వెళ్ళమంటే ప్రతి వాల్కిరీనీ చూసిన చోటే ఓడించాలని కాదు. ఉలి దొరికాక అందే తలుపులన్నీ తెరవండి, గున్‌తో గట్టిగా పోరాడండి, మరొకరిద్దరితో తలపడి చూడండి. బార్ ఊదా రంగులో ఉండి పది ప్రయత్నాలకు కూడా సగానికి దిగకపోతే వదిలేసి కథలోకి వెళ్ళండి. కేయాస్ కత్తులు వచ్చాక తిరిగి రండి. మృతుల లోకం హెల్‌హైమ్‌లోని వాల్కిరీ రోటా ఎలాగూ కథ అక్కడికి చేరేదాకా అందదు. ముస్పెల్‌హైమ్‌లో గోందుల్, నిఫ్ల్‌హైమ్‌లో హిల్దర్ ఉంటారు. ఆ రెండు లోకాలకూ దారి తెరవాలంటే ఒక్కోదానికి నాలుగేసి సైఫర్ (సంకేత లిపి) ముక్కలు పోగుచేసుకోవాలి. గోందుల్ వరకు వెళ్ళడానికి ముందు అగ్ని రాక్షసుడు సర్ట్ర్ పరీక్షలు దాటాలి. నిఫ్ల్‌హైమ్‌లో విషపు పొగమంచు ప్రాణాన్ని తింటూ ఉంటుంది కాబట్టి ప్రతి రాకా గడియారంతో పోటీ. ఈ ఇద్దరినీ కథ ముగిశాక పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, నిజానికి అలా పెట్టుకోవడమే మేలు. అప్పటికి అలవాటైన చేతితో ఈ ఇద్దరినీ కలిస్తే, సిగ్రూన్‌కు ముందు చివరి సాధనగా పనికొస్తారు.

గైడ్ గానీ వీడియో గానీ పక్కన పెట్టుకుని వెతకడం మూడో దారి. ఆటలో వెతకాల్సిన ఓడిన్ కాకులు 51 ఉన్నాయి, వాటిలో ఒకటో రెండో దొరకనప్పుడు, లేదా నాలుగో సైఫర్ ముక్క ఎక్కడ మిగిలిపోయిందో తెలియనప్పుడు గైడ్ చూడటంలో తప్పేమీ లేదు. వాల్కిరీల విషయంలో మాత్రం గది ఎక్కడుందో చెప్పేంతవరకే అది ఉపయోగం, పోరులోని వ్యవధిని వీడియో నేర్పదు. సంపాదించినవాటితోనే ఆటను మళ్ళీ మొదటినుంచి ఆడనిచ్చే, 2018 ఆగస్టులో చేర్చిన న్యూ గేమ్ ప్లస్ నాలుగో దారి. ఒకసారి సిగ్రూన్‌ను ఓడించినవారికి అది బాగుంటుంది, కొత్తవారికి దాని ప్రస్తావన అవసరం లేదు.

2022 నవంబరులో వచ్చిన తరువాతి ఆట రాగ్నరోక్ విషయంలో నా సలహా తలకిందులవుతుంది. అక్కడ వాల్కిరీల స్థానంలో బెర్సర్కర్లనే శత్రు వీరుల సమాధి రాళ్ళుంటాయి. రాజు హ్రోల్ఫ్ క్రాకీ, అతని వీరులు, అతని ఖడ్గం స్కోఫ్నుంగ్, అన్నీ పాత ఐస్లాండ్ గాథల నుంచి వచ్చినవే. సమాధి రాళ్ళు చాలావరకు బయలులోనే నిలబడి ఉంటాయి. వాటిని వెతకాల్సిన పని పెద్దగా లేదు, ఖడ్గపు పిడి చేతిలో ఉంటే చాలు. ఒకచోట స్విప్‌దాగర్ అనే బెర్సర్కర్ ఇద్దరు సోదరీమణులతో కలిసి ఒకేసారి మీద పడతాడు. అలాంటి పోరును కథలో ఆలస్యంగా దొరికే డ్రాప్నిర్ ఈటె లేకుండా, కథ నడుమ పెట్టుకోవడం వృథా శ్రమ. పైగా కథ మధ్య మధ్య అట్రియస్‌గా ఆడిస్తుంది కాబట్టి వేట తెగిపోతూ ఉంటుంది. మిగతా బెర్సర్కర్లు ఓడితేనే హ్రోల్ఫ్ ఎదురవుతాడు, ముస్పెల్‌హైమ్‌లో ఉండే వాల్కిరీ రాణి గ్నా కథ ముగిస్తే గానీ కనిపించదు. కాబట్టి రాగ్నరోక్‌లో సమాధులను కథ ముగిశాక, తోడుగా పోరాడే ఫ్రేయా పక్కన ఉండగా చూసుకోవడమే సరైన పద్ధతి.

రాగ్నరోక్‌లో ఒక్క చోటిని మాత్రం దీనికి మినహాయిస్తాను. వనాహైమ్ లోకంలోని క్రేటర్ ప్రాంతం మొత్తం ఐచ్ఛికమే. ఒక పక్కపనిని పట్టుకుని వెళ్తేనే ఆ దారి తెరుచుకుంటుంది, పట్టించుకోకుండా ఆట ముగించినవారు చాలామందే ఉంటారు. అక్కడి మైదానాల్లో పగలునూ రాత్రినీ మార్చగల వేదిక ఉంది, పగలు కనిపించనివి రాత్రి కనిపిస్తాయి. డ్రాగన్లను అక్కడే ఎదుర్కోవాలి. 2018 ఆటలో మూసిన తలుపు ఇచ్చిన కుతూహలం మళ్ళీ నాకు కలిగింది ఈ ప్రాంతంలోనే. బిర్గిర్ అనే పాత్రకు సంబంధించిన ఆ పక్కపని కనిపించగానే కథను కాసేపు ఆపి వెళ్ళండి, ఆ ప్రాంతం తెరుచుకున్నాక పగలు ఒకసారి, రాత్రి ఒకసారి మైదానాలన్నీ తిరిగి చూసి, ఆ తరువాతే మళ్ళీ కథ అందుకోండి.