రాయగడలో నవోదయ కోచింగ్: సాయంత్రం బ్యాచా, సరిహద్దు దాటిన హాస్టలా?

ఐదో తరగతి పిల్లల చేత నవోదయ విద్యాలయం ఆరో తరగతి ప్రవేశపరీక్ష రాయించాలనుకునే ఒడిశాలోని రాయగడ తెలుగువాళ్ల ముందు ఇప్పుడు మూడు సరుకులున్నాయి. ఊళ్లోనే బడి వదిలాక నడిచే ట్యూషన్ బ్యాచ్ ఒకటి. రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వైపు వెళ్తే దొరికే ఏడాది హాస్టల్ కోచింగ్ ఇంకోటి. మూడోది పుస్తకాల షాపులో తెలుగు గైడు. పేర్లు రాయడం లేదు. బోర్డు మీద పేరు ఏటా మారుతుంది, లోపలి పద్ధతి మారదు. మార్కులు ముందే వేసేస్తే సాయంత్రం బ్యాచ్‌కు ఐదింటికి మూడున్నర, గైడుకు మూడు, హాస్టల్‌కు ఒకటి. ఆ ఒకటైనా పిల్లలకు వేళకు అన్నం పెడతారు కాబట్టి.

హాస్టల్‌లో చదువు చెప్పరని కాదు. తెల్లారకముందే లేపి రాత్రి పది దాకా కూర్చోబెడతారు. తొమ్మిది పదేళ్ల పిల్లలకు అంత అవసరమా అన్నది తర్వాతి మాట. అసలు చిక్కు అర్హత దగ్గర ఉంది. నవోదయ సీట్లు జిల్లాలవారీగా ఉంటాయి, ఒక విద్యాలయంలో ఆరో తరగతికి ఎక్కువలో ఎక్కువ 80. ఏ జిల్లా విద్యాలయానికి దరఖాస్తు పెడితే ఆ జిల్లాలోనే, ప్రభుత్వ బళ్లోనో గుర్తింపు ఉన్న బళ్లోనో పిల్లవాడు ఐదో తరగతి చదువుతూ ఉండాలి. తల్లిదండ్రుల నివాసం కూడా ఆ జిల్లాలోనే ఉండాలి. పిల్లవాణ్ని పక్క రాష్ట్రం హాస్టల్‌లో పెడితే ఈ రెండింట్లో ఏదో ఒకటి చెడుతుంది.

దీనికి హాస్టల్‌వాళ్ల దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. ‘పేరు మీ ఊరి బళ్లోనే ఉంచండి, పిల్లవాణ్ని మా దగ్గర ఉంచండి’ అనేది మొదటిది. అంటే హాజరుపట్టీ ప్రకారం పిల్లవాడు రాయగడ జిల్లా కొలనారలో, మనిషి విజయనగరంలో. దరఖాస్తుతో పెట్టే సర్టిఫికెట్ మీద హెడ్మాస్టరు సంతకం చేయాలి, ఎంపికయ్యాక కాగితాలన్నీ మళ్లీ పరిశీలిస్తారు. అబద్ధం తేలితే పోయేది సీటు, కోచింగ్ ఫీజు తిరిగి రాదు. రెండో జవాబు, పేరు కూడా అక్కడి బడికి మార్చేసి అక్కడి జిల్లాకే రాయించడం. అప్పుడు తల్లిదండ్రుల చిరునామా అడ్డొస్తుంది. తొలికాన్పు పుట్టింట జరిగి, పిల్లవాడి ఆధార్ కూడా అమ్మమ్మగారి ఊరి చిరునామాతో ఉన్న ఇళ్లు మన వైపు కొల్లలు. ఆ ఆధార్ చూపి గట్టెక్కవచ్చని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. పైగా అదే ఆధార్ రాయగడ దరఖాస్తుకు కూడా అడ్డే. చదివేది ఇక్కడ, చిరునామా అక్కడ అంటే అడుగుతారు. నాలుగో తరగతి పూర్తయ్యేలోపే చిరునామా మార్పించుకోండి, లేదా తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం తీసి పెట్టుకోండి.

పల్లెల వాళ్లకు ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ కోటావి. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బళ్లోనే చదివినవాళ్లకే ఆ కోటా. ఈ మూడేళ్లలో ఒక్కరోజు పట్టణపు బళ్లో చదివినా అర్బన్ కిందే లెక్క అని ప్రాస్పెక్టస్‌లో స్పష్టంగా ఉంది. రామనగుడ వైపు పల్లె నుంచి ‘కోచింగ్‌కు దగ్గరగా ఉంటుంది’ అని నాలుగో తరగతిలో రాయగడ కాన్వెంటుకు మార్చిన పిల్లవాడు ఆ మార్పుతోనే పెద్ద వాటాలోంచి చిన్న వాటాలోకి వచ్చిపడ్డాడు. ఏ కోచింగూ ఆ తేడాను పూడ్చలేదు. సాయంత్రం బ్యాచ్‌కు నేను ఎక్కువ మార్కులు వేయడానికి సగం కారణం ఇదే. పిల్లవాడి బడి మారదు, కాగితాలు కదలవు.

‘ఈసారి రాకపోతే వచ్చే ఏడు లాంగ్ టర్మ్‌లో వేస్తాం’ అనే మాట వినిపిస్తే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ఆరో తరగతి నవోదయ పరీక్ష రెండోసారి రాయనివ్వరు, ఐదు మళ్లీ చదివినా ఒప్పుకోరు. ఆ తర్వాత మొదట వచ్చే దారి తొమ్మిదో తరగతిలో ఖాళీల కోసం పెట్టే ప్రవేశపరీక్ష. అది వేరే పేపరు: లెక్కలు 35, సైన్స్ 35, ఇంగ్లిష్ 15, హిందీ 15. దానికి ఐదో తరగతి లాంగ్ టర్మ్‌తో సంబంధం లేదు.

ఇక ఊళ్లో బ్యాచ్. పరీక్ష స్వరూపం తెలిస్తే దీని విలువ ఎంతో తేలుతుంది. మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. ప్రశ్నకు 1.25 మార్కులు, తప్పుకు కోత లేదు. మెంటల్ ఎబిలిటీ 40 ప్రశ్నలు 50 మార్కులు, లెక్కలు 20 ప్రశ్నలు 25, భాష 20 ప్రశ్నలు 25. సగం మార్కులు బడి పుస్తకంలో ఎక్కడా లేని బొమ్మలకే పోతున్నాయి. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలకు ట్యూషన్ పనికొచ్చేది ఇక్కడే. మంచి బ్యాచ్‌కూ వట్టి బ్యాచ్‌కూ తేడా తెలిసేది కూడా ఇక్కడే.

మెంటల్ ఎబిలిటీలో పది రకాలు, రకానికి నాలుగు ప్రశ్నలు. తేడా బొమ్మ, సరిపోలే బొమ్మ, నమూనా పూరించడం, బొమ్మల వరుస, పోలిక, జ్యామితి బొమ్మ పూర్తి చేయడం, అద్దంలో ప్రతిబింబం, కాగితం మడిచి రంధ్రం చేయడం, ముక్కలు కలిపితే ఏ బొమ్మ వస్తుందో ఊహించడం, దాగి ఉన్న బొమ్మ. మంచి మాస్టారు ప్రతి టెస్టు తర్వాత ఈ పదింటికీ విడివిడిగా నాలుగింట ఎన్ని వచ్చాయో రాసి ఇస్తారు. ‘మీవాడికి 62 వచ్చాయండీ’ అని మాత్రమే చెప్పే చోట పిల్లవాడికి ఎక్కడ తెగడం లేదో మాస్టారికే తెలియదు.

చాలా బ్యాచుల్లో జరిగేది ఏమిటంటే, బొమ్మల్ని బోర్డు మీద చాక్‌పీసుతో గీస్తారు. అద్దం ప్రశ్నకు అది చాలదు. అద్దం పక్కన నిలబెడితే కుడి ఎడమలు మారతాయి, పైనా కిందా మారవు. చిన్న చేతి అద్దం పుస్తకం పక్కన నిలబెట్టి నాలుగు బొమ్మలు చూపిస్తే పిల్లవాడికి అది కళ్లకు కట్టేస్తుంది. కాగితం మడతలకైతే పాత పేపరు, పంచింగ్ మెషిన్ చాలు. రెండుసార్లు మడిచి అన్ని పొరల్లోంచి ఒక్క రంధ్రం చేస్తే విప్పినప్పుడు నాలుగుంటాయి. పిల్లలు తప్పుచేసేది సంఖ్యలో కాదు, స్థానంలో. చివరి మడతను ముందు విప్పాలి, విప్పిన ప్రతిసారీ ఆ మడత గీతకు అవతల అంతే దూరంలో రంధ్రం పెట్టాలి. మడత గీతలు ఒకదానికొకటి లంబంగా లేనప్పుడు, మొదటి మడత నుంచి మొదలుపెట్టిన పిల్లవాడికి రంధ్రాలు తప్పు చోట్ల వస్తాయి. ఆప్షన్లలో సరిగ్గా ఆ తప్పు బొమ్మ కూడా ఎదురుచూస్తూ ఉంటుంది. డెమో క్లాసుకు వెళ్లినప్పుడు గదిలో కత్తెర, అద్దం, పాత పేపర్లు ఉన్నాయో లేదో చూడండి. గోడకు ఫ్లెక్సీ ఉందా లేదా అన్నది తర్వాత.

ఫ్లెక్సీ మాట వచ్చింది కాబట్టి ఒకటి. సెలక్షన్ ఫోటోల కింద జిల్లా పేరు ఉందేమో చూడండి. సీట్లు జిల్లాకు ఇన్ని అని ఉన్నప్పుడు నాలుగు జిల్లాల పిల్లల ఫోటోలు ఒకే బోర్డు మీద గుమ్మరిస్తే అది రాయగడ ఫలితం కాదు. ఎంపిక జాబితాలు విద్యాలయంలోనూ జిల్లా విద్యాధికారి కార్యాలయంలోనూ పెడతారు. రోల్ నంబరు అడిగితే చెప్పలేని ఫోటోను లెక్కలోకి తీసుకోకండి.

లెక్కల దగ్గర బ్యాచులన్నిటికీ ఒకే జబ్బు, ఎక్కువ చెప్పడం. చక్రవడ్డీ, పంపులు తొట్టెలు, రైళ్లు వంతెనలు దాటడం, ఇవన్నీ పెద్ద ఉద్యోగ పరీక్షల నుంచి ఎత్తుకొచ్చిన పాఠాలు. నవోదయకు కావలసింది సంఖ్యలు, నాలుగు ప్రక్రియలు, భిన్నాలు, దశాంశాలు, కారణాంకాలు గుణిజాలు, కొలతలు, సూక్ష్మీకరణ, శాతాల జోలికి పోని లాభనష్టాలు, చుట్టుకొలత వైశాల్యం, కోణాలు, పట్టీల బొమ్మ చదవడం. ప్రశ్నకు దొరికేది సగటున ఒకటిన్నర నిమిషం. భిన్నాల కూడిక రెండు నిమిషాలు తీసుకుంటున్న పిల్లవాడికి చక్రవడ్డీ సూత్రం బట్టీపట్టించడం ఫీజు ఎక్కువ కనిపించడానికే పనికొస్తుంది.

భాష దగ్గర పొరపాటు సాధారణంగా తల్లిదండ్రులదే. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా లేదా ఇంగ్లిష్. దరఖాస్తులో ఎంచుకున్న భాషలోనే పేపరు మొత్తం వస్తుంది, లెక్కలూ సూచనలూ సహా. భాషా విభాగంలో నాలుగు పేరాలు, పేరాకు ఐదు ప్రశ్నలు. తెలుగు గలగలా మాట్లాడే పిల్లవాడు తెలుగు పేరా తడబడకుండా చదవగలడా అన్నది వేరే ప్రశ్న. తెలుగు అక్షరాలు ఇంట్లో వారానికి ఒకసారి దిద్దించిన పిల్లవాణ్ని ప్రేమకొద్దీ తెలుగులో రాయించకండి. ఐదేళ్లుగా ఏ లిపిలో లెక్కలు చేస్తున్నాడో అదే ఎంచుకోండి. ఏ రాష్ట్రంలో ఏ భాషలు ఉన్నాయో ప్రాస్పెక్టస్ చివర జాబితా ఉంటుంది. గడువు అయ్యాక కొన్నాళ్లు తెరిచే కరెక్షన్ విండోలో భాష, కేటగిరీ, రూరల్ అర్బన్ మార్చుకోవచ్చు. సీటొచ్చాక కూడా అక్కడి ప్రాంతీయ భాష ఒడియానే, అది రాకపోతే మొదటి రెండేళ్లు పిల్లవాడికి కష్టం.

తెలుగు గైడుకు మూడు వేసింది ఇందుకే. బొమ్మలకు భాష లేదు కాబట్టి ఒడియా మీడియం పిల్లవాడికైనా మెంటల్ ఎబిలిటీ భాగం పనికొస్తుంది. మిగతా సగం మీది కాదు, ధర మాత్రం పూర్తిగా కట్టాలి. లెక్కల భాగం పెద్దవాళ్లు చెప్పేటప్పుడు జాగ్రత్త. మన క.సా.గు. ఒడియా పుస్తకంలో ల.సా.గు., మన గ.సా.భా. అక్కడ గ.సా.గు. ఇంట్లో ఒకటి, బళ్లో ఒకటి విని పరీక్షలో రెండూ తారుమారు చేస్తారు. కొనేముందు మోడల్ పేపరు తెరిచి ప్రశ్నలు లెక్కపెట్టండి. 100 ఉంటే పాత నమూనా, కొత్త అట్ట వేసి అమ్ముతున్నారు. బొమ్మల గీతలు మసకగా ఉంటే కూడా వద్దు. దాగి ఉన్న బొమ్మ ప్రశ్నలో ఒక గీత పడకపోతే జవాబే ఉండదు.

సాయంత్రం బ్యాచ్‌లో అన్నిటికన్నా నిర్లక్ష్యం ఓఎంఆర్ జవాబు పత్రం మీద. బళ్లో పెన్సిల్‌తో రాసే పిల్లవాడు పరీక్షలో నీలం లేదా నలుపు బాల్‌పెన్నుతో వృత్తాలు నింపాలి. పెన్సిల్ నిషేధం, నింపింది మార్చడానికి లేదు. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతి జవాబును దాని వరుసలో నింపితే అక్కణ్నుంచి కిందిదాకా అన్నీ ఒక గడి జారిపోతాయి. ప్రశ్న వదిలినప్పుడల్లా పుస్తకంలో ఆ నంబరు చుట్టూ గీత గీయడం, పేజీ పూర్తవగానే చివరి ప్రశ్న నంబరూ చివరి వృత్తం నంబరూ ఒకటేనా అని చూసుకోవడం, ఈ రెండూ అలవాటైతే చాలు. కోత లేదు కాబట్టి ఆఖరి ఐదు నిమిషాల్లో ఖాళీలన్నీ నింపేయాలి. జిరాక్స్‌లో సగానికి కుదించిన షీటు మీద ప్రాక్టీసు చేయిస్తే అసలు షీటు దగ్గర చేయి తడబడుతుంది. అసలు కొలతలోనే తీసి ఇవ్వమని అడగండి.

క్యాలెండరు కూడా అడగాలి. 2025–26 ప్రవేశాల పరీక్ష 2025 జనవరి 18న జరిగితే, ఆ తర్వాతి ఏడాదిది 2025 డిసెంబరు 13నే పెట్టారు. జనవరి లెక్కన పాఠాలు పంచుకున్న బ్యాచ్‌కు రివిజన్ మిగలదు. నవంబరుకల్లా పాఠాలు అయిపోతాయా అని ముందే తేల్చుకోండి.

నవోదయ, సైనిక్ స్కూల్ రెండూ ఒకే బ్యాచ్‌లో అని అమ్మే కాంబో ప్యాకేజీకి డబ్బు పెట్టకండి. సైనిక్ ఆరో తరగతి పేపరు 125 ప్రశ్నలు, 300 మార్కులు, 150 నిమిషాలు. అందులో లెక్కలకే 150 మార్కులు, జనరల్ నాలెడ్జ్ అదనం. ఇక్కడ సగం బొమ్మలకు, అక్కడ సగం లెక్కలకు. ఒకే గదిలో రెండూ నడిపితే రెండింటికీ సగం సగమే అందుతుంది. చేరాక ఖర్చులూ ఒకటి కావు. నవోదయలో చదువు, భోజనం, వసతి ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి కొందరు విద్యాలయ వికాస్ నిధి పేర నెలకు 600 రూపాయలు కట్టాలి, ప్రభుత్వోద్యోగుల పిల్లలు 1,500 దాకా. ఆడపిల్లలకూ ఎస్సీ, ఎస్టీలకూ దారిద్ర్యరేఖ దిగువవాళ్లకూ అదీ లేదు. సైనిక్ స్కూల్‌కు ఏటా ఫీజు కట్టాలి.

ఓబీసీ వాళ్లు ఒక కాగితం ముందే చూసుకోవాలి. కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్ర జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో లేకపోవచ్చు. తాతగారి ఊరి సర్టిఫికెట్ పట్టుకుని కోటా టిక్ పెట్టేముందు తహసీల్దారు కార్యాలయంలో అడగండి. దరఖాస్తుకు రుసుము లేదు, ‘ఫారం ఫీజు’ అని కోచింగ్‌వాళ్లు తీసుకునేది వాళ్లదే.

ఫీజు ఏడాదికి ఒకేసారి కట్టకండి, నెలనెలా కట్టండి. రెండో నెల డబ్బు ఇచ్చేముందు మొదటి నెల టెస్టుల ఓఎంఆర్ షీట్లు దిద్దినవి ఇంటికి ఇవ్వమనండి. రేపు ఇస్తాం, ఎల్లుండి ఇస్తాం అంటే ఆ నెల టెస్టులు ఎవరూ దిద్దలేదన్నమాట.