పెర్సియస్సా, జేసనా? పాలరాతి వీరుల్లో ఎవరు మేలు?

నియోక్లాసికల్ శిల్పాల (పాత గ్రీకు, రోమన్ పద్ధతిని మళ్లీ పట్టుకున్నవి) మాట ఎత్తితే చాలు, "కనోవా గొప్పా, థోర్వాల్డ్‌సెన్ గొప్పా?" అని అడుగుతూనే ఉన్నారు. కనోవా ఇటలీ శిల్పి, థోర్వాల్డ్‌సెన్ డెన్మార్క్ శిల్పి. ఇద్దరి మొత్తం పనినీ తూకం వేయడం నా వల్ల కాదు. చెరొక శిల్పం తీసుకుందాం. కనోవాది వాటికన్‌లోని పెర్సియస్, 1801 నాటిది. థోర్వాల్డ్‌సెన్‌ది జేసన్, కోపెన్‌హాగన్‌లో ఆయన పేరిటే ఉన్న మ్యూజియంలో ఉంది. ఇద్దరూ గ్రీకు వీరులే, ఒంటి మీద బట్టల్లేవు, గెలిచి తెచ్చుకున్నది చేతిలో ఉంది. ఇద్దరిలోనూ అపోలో బెల్వెడేర్ అనే ప్రాచీన పాలరాతి దేవుడి విగ్రహం పోలికలే.

నా దృష్టిలో తేడా అంతా ఎడమ చేతి దగ్గరే. పెర్సియస్ ఆ చెయ్యి బాగా చాచి, తాను చంపిన పాముల జుట్టు రాక్షసి మెడూసా తలను జుట్టు పట్టుకుని ఎత్తాడు. కంచులో అయితే ఇదేం పెద్ద పని కాదు. పాలరాయి నిలువు బరువు ఎంతైనా మోస్తుంది గానీ, ఇలా గాల్లోకి చాస్తే పుటుక్కున విరుగుతుంది. పైగా చివర ఒక తలకాయ! అందుకే కనోవా ఆ చేతి మీంచి అంగవస్త్రాన్ని కింది దాకా జార్చాడు. చూసేవాళ్లకు అవి బట్ట మడతలు. పని మాత్రం స్తంభం పని.

జేసన్ తాను సాధించి తెచ్చిన బంగారు ఉన్ని గొర్రె తోలును ఎడమ చేతి మీద వేసుకుని, ఈటెను కుడి భుజాన పెట్టుకున్నాడు. అంతా ఒంటికి దగ్గరగానే ఉంది, రిస్క్ తక్కువ. ఆసరాకి కాలి వెనక చెట్టు మొద్దు. గ్రీకుల కంచు విగ్రహాలను రాతిలోకి దింపినప్పుడు రోమన్లు వాడిన పాత ఉపాయమే అది. కథలో ఆ మొద్దుకి పనేమీ లేదు. నా దగ్గర మార్కులు పోయింది అక్కడే.

అలాగని జేసన్‌ని తీసిపారేయలేం. దాదాపు రెండున్నర మీటర్ల మనిషి, తల పక్కకి తిప్పుకుని తన దారిన పోతుంటాడు, మనం చూస్తున్నామన్న ధ్యాసే ఉండదు. పెర్సియస్‌లో కాస్త స్టేజి నటుడు కనిపిస్తాడు, ఒప్పుకోవాలి. డబ్బుల్లేక రోమ్ వదిలి ఇంటికి బయల్దేరబోతున్న థోర్వాల్డ్‌సెన్‌ని 1803లో ఆపింది ఈ జేసనే. థామస్ హోప్ అనే ధనవంతుడు దాని నమూనా చూసి పాలరాతిలో చెక్కివ్వమన్నాడు. ఆర్డర్ చేతికందింది 1828లో! మన టైలర్లే నయం.

నునుపు సంగతి అడుగుతారు కదా, కనోవా ఒంటిని మెరిసేదాకా సానపట్టేవాడు, థోర్వాల్డ్‌సెన్ మెరుపు తగ్గించేవాడు. సాలార్ జంగ్‌లో మేలిముసుగు రెబెక్కాను చూసి నోరు తెరిచినవాళ్లకి కనోవాయే నచ్చుతాడు.

 

పెర్సియస్ వెనక ఇంకో కథ ఉంది. అపోలో బెల్వెడేర్‌ని నెపోలియన్ మనుషులు పారిస్‌కి పట్టుకుపోయారు. ఆ లోటు తీర్చడానికి పోప్ ఏడవ పయస్ పెర్సియస్‌ని కొన్నాడు. నెపోలియన్ ఓడాక, 1815లో, ఎత్తుకుపోయిన శిల్పాలను వెనక్కి అడగడానికి పోప్ తరఫున పారిస్ వెళ్లింది ఎవరనుకున్నారు? కనోవాయే. ఇప్పుడు అపోలో, పెర్సియస్ ఇద్దరూ వాటికన్‌లో ఒకే ప్రాంగణంలో ఉన్నారు.

రోమ్ దాకా వెళ్లలేకపోతే న్యూయార్క్ మెట్ మ్యూజియంలో కనోవా చెక్కిన రెండో పెర్సియస్ ఉంది. మొహం తర్వాత చూడొచ్చు. ముందు పెర్సియస్ ఎడమ పక్కకి వెళ్లి, ఆ బట్ట పీఠాన్ని ఎక్కడ తాకుతోందో చూడండి.