సమతల కాలువా, లాకుల కాలువా: ఏది మేలు?

పోటీ పరీక్షల పుస్తకాల్లో సూయజ్, పనామా కాలువలు ఒకే పట్టికలో పక్కపక్కన కనిపిస్తాయి. పొడవు, కలిపే సముద్రాలు, తెరిచిన సంవత్సరం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లలు వాటిని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. అసలు ప్రశ్న ఆ పట్టికలో ఉండదు. సముద్రం నుంచి సముద్రానికి ఒకే మట్టంలో తవ్వడం మేలా, లాకులు (తలుపులున్న నీటి గదులు) కట్టి ఓడను ఎక్కించి దించడం మేలా? దీనికి తొందరపడి జవాబు చెప్పినందుకు ఒక పెద్ద కంపెనీ దివాలా తీసింది, లక్షల మంది ఫ్రెంచి మదుపరుల డబ్బు మునిగింది.

సూయజ్‌కు సమతల కాలువే సరైనది. ఎర్ర సముద్రం మధ్యధరా సముద్రం కంటే దాదాపు 10 మీటర్లు ఎత్తున ఉందని 1799లో నెపోలియన్ వెంట వచ్చిన సర్వేయర్లు పొరపాటున లెక్కగట్టడంతో ఆలోచన ఏళ్ల తరబడి మూలనపడింది. ఆ తేడా లేదని 1847 సర్వే తేల్చింది. నేల చదును, దారిలో పల్లపు సరస్సులు. ఫ్రెంచి దౌత్యవేత్త లెసెప్స్ ఆధ్వర్యంలో 1859లో పని మొదలై, 1869 నవంబర్ 17న కాలువ తెరుచుకుంది. ఒక్క లాకూ లేదు. ఓడ మెట్లెక్కనక్కర్లేదు, మంచినీరు ఖర్చు కాదు, వెడల్పు చేయాలంటే డ్రెడ్జర్లు దింపితే చాలు.

అయితే ఈ కాలువ చవగ్గా వచ్చిందని మాత్రం అనకూడదు. మొదటి ఏళ్లలో ఈజిప్టు రైతులను వెట్టికి పట్టుకొచ్చి తవ్వించారు. వెట్టి అంటే ఏమిటో తెలంగాణలో వేరే చెప్పాల్సిన పని లేదు. 1864లో దాన్ని ఆపాకే ఆవిరి యంత్రాలు పెద్దఎత్తున దిగాయి. అప్పుల్లో కూరుకుపోయిన ఈజిప్టు పాలకుడు 1875లో తన వాటాలను బ్రిటన్‌కు అమ్ముకున్నాడు.

సూయజ్ ఇచ్చిన ధీమాతో లెసెప్స్ పనామాలోనూ లాకులు వద్దన్నాడు. 1879 పారిస్ సమావేశంలో గోదిన్ ద లెపినే అనే ఇంజనీరు వేరే దారి చూపించాడు: చాగ్రెస్ నదికి అడ్డుకట్ట వేసి సరస్సు చేద్దాం, లాకులతో ఓడలను ఆ సరస్సులోకి ఎక్కిద్దాం. ఎవరూ వినలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఘట్టమే. అక్కడ దారికి అడ్డంగా కొండ ఉంది, వానాకాలంలో ఉప్పొంగే నది ఉంది, తవ్వినకొద్దీ గట్లు జారిపడే మట్టి ఉంది. పసిఫిక్ వైపు ఆటుపోట్లు 6 మీటర్ల దాకా ఉంటే అట్లాంటిక్ వైపు అర మీటరు కూడా ఉండవు. అంటే ఒకే మట్టంలో తవ్వినా నీటి ఉరవడిని ఆపడానికి ఏదో ఒక గేటు తప్పదు. చివరికి 1887లో లాకులకు ఒప్పుకుని ఐఫెల్ టవర్ ఇంజనీరు ఐఫెల్‌కు పని అప్పగించారు కానీ, అప్పటికే ఆలస్యమైంది. 1889లో కంపెనీ కుప్పకూలింది. ఆ ఏళ్లలో సుమారు 22 వేల మంది చనిపోయారని అంచనా.

ఎక్కువ మందిని చంపింది ఎల్లో ఫీవర్, మలేరియా. ఇక్కడ మన నగరానికీ వాటా ఉంది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. సూయజ్ కంపెనీ 1902లో ఆయన్ను కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియా ఊరికి పిలిపించుకుంది. ఫ్రెంచి వాళ్లు వదిలేసిన పనిని అమెరికా చేపట్టిన 1904లో ఆయన పనామా కూడా చూసొచ్చాడు. అక్కడ అమెరికా సైనిక వైద్యుడు గోర్గస్ బృందం నిలవ నీటి మీద, దోమల మీద యుద్ధం చేయకపోతే ఏ పద్ధతిలోనూ కాలువ పూర్తయ్యేది కాదు. అలా చేసినా అమెరికా హయాంలో 5,609 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎక్కువ మంది కరీబియన్ దీవుల నుంచి కూలికి వచ్చినవాళ్లు.

విచిత్రం ఏమిటంటే అమెరికా నియమించిన 13 మంది ఇంజనీర్లలో 8 మంది మళ్లీ సమతల కాలువకే ఓటేశారు. చీఫ్ ఇంజనీరు స్టీవెన్స్ మాత్రం లాకులే కావాలని గట్టిగా పట్టుబట్టాడు. 1906లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) లాకులకు ఒప్పుకుంది. పద్ధతి మనకు కొత్తది కాదు, ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది: గది తలుపులు మూసి నీరు నింపితే పడవ పైకి లేస్తుంది. గాటున్ దగ్గర మూడు గదులు దాటి ఓడ 26 మీటర్లు పైకెక్కి సరస్సులో ప్రయాణిస్తుంది, అవతల దిగుతుంది. కొండను సముద్ర మట్టం దాకా కోయాల్సిన పని తప్పింది, ముంచెత్తే నదే కాలువకు నీళ్లిచ్చింది. 1914 ఆగస్టు 15న కాలువ తెరిచారు.

లాకులకు ఉన్న నిజమైన లోటు నీరు. పాత లాకుల్లో ఒక్క ఓడ దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రంలో కలుస్తుంది. రోజుకు 36 ఓడలనుకుంటే పావు టీఎంసీ. నిండు గండిపేట చెరువు పదిహేను రోజుల్లో ఖాళీ అయిపోతుంది. పనామా సిటీ వాళ్లు తాగేదీ ఆ సరస్సు నీళ్లే. 2016లో తెరిచిన కొత్త లాకుల్లో ప్రతిసారీ 60 శాతం నీటిని తిరిగి వాడుకుంటున్నారు. అయినా 2023 కరువులో ఓడల సంఖ్యకు కోత పెట్టక తప్పలేదు. సూయజ్‌కు ఈ టెన్షన్ లేదు. 2021లో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసుకుపోయినప్పుడు కూడా సమస్య నీరు కాదు, ఇరుకు.

చదును నేల ఉన్నచోట సమతల కాలువకే నా ఓటు. పనామాలో మాత్రం లాకులు తప్ప గతి లేదు, లెపినే చెప్పిందే నిజం. ఇప్పుడు నీటి కొరత తీర్చడానికి ఇందియో నది మీద ఇంకో డ్యామ్ కడతామంటున్నారు. ముంపు ఊళ్ల రైతులు వద్దంటున్నారు. ఆ ఊళ్లకు ముందుగా, పూర్తిగా న్యాయం చేశాకే గేట్లు బిగించాలి.